వీపు మీది తోలు

"ఎడారివాళ్లూ కాదు, సముద్రంవాళ్లూ కాదు. ప్రపంచంలో మొండి సైనికులంటే మా ఖడ్గగిరి వాళ్లే! ఏ యుద్ధంలోనూ వెన్ను చూపలేదు. మన సైన్యంలో ఆ కొండజాతి దళం ఇక దేనికి? ఆ కొండవాళ్లను కొలువులోంచి తీసేయండి ప్రభూ" అని సేనాపతి చండకేతు నిండు సభలో మీసం మెలేశాడు.

సైన్యానికి తోలు కవచాలు కుట్టే గంగులు ఓ పక్కన నిలబడి విన్నాడు. యుద్ధమయ్యాక ఎవరి కవచానికి ఎక్కడ మాసిక పడుతుందో అతనికి తెలుసు. కొండవాళ్లకు రొమ్ము మీద, ఖడ్గగిరి వాళ్లకు వీపు మీద.

"మహాప్రభూ, ఈ ఏడు తోలుకు కరువు. సేనాపతిగారి మాటతో గట్టెక్కాం. ఖడ్గగిరి వాళ్లకు ముందువైపు మాత్రమే కుడతాను. చూపని వెన్నుకు తోలు దండగ కదా!" అన్నాడు వినయంగా.

"భేష్! రేపటి దండయాత్రకు అలాగే కుట్టు" అన్నాడు రాజు.

చండకేతు కంగారుగా అడ్డుపడ్డాడు. "ప్రభూ, వెనక... వెనక చలేస్తుంది!"

రాజు కొండవాళ్ల నాయకుణ్ణి అడిగాడు. "మరి మీకో? వీపుకు తోలు కావాలా?"

"వద్దు ప్రభూ. ఉత్త బరువు. ముందుకు ఉరకడానికి అడ్డం."

రాజు పకపకా నవ్వాడు. "కొండవాళ్లు కొలువులోనే ఉంటారు."

గంగులు కొలతతాడు విప్పాడు. "సేనాపతిగారూ, కాస్త అటు తిరగండి. మిగిలిన తోలంతా మీ వీపుకే వేస్తాను. పాపం, చలి!"