ముక్కకు పట్టని పులుసు

వేదాద్రి మాస్టారు ఎవరి ప్రశ్నకైనా సూటిగా జవాబు చెప్పగా నేను వినలేదు. ఉప్పెంత వేయాలని అడిగితే, వేసి చూడమంటారు. బతుకు గురించి అడిగితే, తాను చూసిన మనుషుల సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటారు. హోటల్ వంట నేర్పే కాలేజీలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఇప్పుడు సైనిక్‌పురిలోని తన ఇంట్లో ఆదివారం పొద్దుటి పూట ఏడుగురికి వంట నేర్పుతున్నారు. మా ఏడుగురిలో వంట వృత్తిగా ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేను ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతాను. సువర్చల గారు పళ్ళ డాక్టరు. అందరికంటే చిన్నవాడు ప్రద్యుమ్న, మాదాపూర్‌లో ఒక ప్రకటనల కంపెనీలో పనిచేస్తాడు. మనిషి చురుకైనవాడు, కానీ ఆ వేళ ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ మధ్యలో ఆగిపోయాడు.

"మాస్టారూ, ప్రేమించినవాళ్ళ కోసం వెనక్కి తగ్గడం తప్పా?" అన్నాడు.

ఉన్నట్టుండి ఈ ప్రశ్న ఎందుకొచ్చిందో అతనే చెప్పాడు. వాళ్ళ టీముకు కొత్త హెడ్‌ను ఎంచుతున్నారు. వడపోతలన్నీ అయ్యాక ఇద్దరు మిగిలారు. ఒకడు తను. రెండోది, తను పెళ్ళి చేసుకోబోయే అమ్మాయి. ఆ పదవి అంటే ఆమెకు ప్రాణం. చివరి ఇంటర్వ్యూ బుధవారం. అందులో తను కాస్త తడబడితే చాలు. ఎవరికీ తెలియదు, ఎవరికీ నష్టం లేదు.

"తప్పేముంది నాయనా, ఎంత మంచి మనసు!" అన్నారు సువర్చల గారు. నిజం చెప్పాలంటే నాకూ అలాగే అనిపించింది.

మాస్టారు మాత్రం అతని మొహంలోకి కాసేపు వింతగా చూశారు. "ఆ అమ్మాయి నీ పని ఎన్నాళ్ళ నుంచి చూస్తోంది?" అని అడిగారు.

"మూడేళ్ళుగా, పక్క సీట్లోనే."

"మరి ఎవరికీ తెలియదంటావేం?" అని, చేతులు తుడుచుకుని స్టూలు మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఆయన చెప్పిన సంగతి ఇది.

కొన్నేళ్ళ కిందట ఈ ఊళ్ళోనే ఒక పెద్ద హోటల్లో తెలుగు వంటలకని ప్రత్యేకంగా ఒక రెస్టారెంటు తెరవాలనుకున్నారు. దాని వంటగదికి పెద్దగా ఎవరిని పెట్టాలన్నది ప్రశ్న. ఆ హోటల్ మొత్తానికి పెద్ద చెఫ్ డానియేల్ గారు. ఆయన కింద నాలుగేళ్ళుగా పనిచేస్తున్న ఇద్దరి పేర్లు ముందుకొచ్చాయి. ఒకరు కిరీటి, కొల్లేటి ఒడ్డున కైకలూరు నుంచి వచ్చినవాడు. రెండోవారు ఆముక్త, సిద్దిపేట అమ్మాయి. ఇద్దరూ పెళ్ళి చేసుకోబోతున్న సంగతి ఆ వంటగదిలో అందరికీ తెలుసు. ఆ హోటల్లో అప్పటిదాకా ఆడమనిషి ఏ వంటగదికీ పెద్ద కాలేదని కూడా అందరికీ తెలుసు. ఆముక్తకు మరీ బాగా తెలుసు.

డానియేల్ గారు పక్షపాతం లేని మనిషి. ఇద్దరూ ఒకే మూడు వంటలు చేయాలన్నారు. చింతచిగురు పప్పు, కొరమీను పులుసు, ఒక తీపి. బయటినుంచి నలుగురిని పిలిచి రుచి చూపిస్తారు. గిన్నెల మీద పేర్లుండవు, ఒకటి, రెండు అని అంకెలే. పైగా ఆయనకొక పద్ధతి ఉంది. బయటివాళ్ళు తేల్చాక, పోటీపడిన వాళ్ళు ఒకరి వంట ఒకరు తిని, అందులో లోపం ఏమిటో అందరి ముందూ చెప్పాలి. పక్కవాడి వంటను నిజాయితీగా తినలేనివాడు వంటగదిని నడపలేడనేవారు. ఆ నలుగురిలో మన మాస్టారు ఒకరు.

చేపల పులుసంటే కిరీటిది పెట్టింది పేరు. వాళ్ళమ్మ దగ్గర నేర్చింది. పచ్చివాసన పోయి నూనె తేలేదాకా చింతపండు పులుసు మరిగించి, ముక్కలు వేశాక గరిటె పెట్టకుండా మట్టిదాకను అటూ ఇటూ తిప్పుతాడు. దించే ముందు వేయించిన మెంతుల పొడి ఒక్క చిటికెడు చల్లి, మూతపెట్టి మూడు గంటలు ముట్టుకోడు. అప్పటికి గానీ పులుసు ముక్కకు పట్టదని అతని నమ్మకం. ఆ హోటల్లో పనివాళ్ళు కూడా తమ ఇళ్ళలో అలాగే వండటం మొదలుపెట్టారట.

పోటీనాడు పొద్దున్నే ఇద్దరూ పని మొదలుపెట్టారు. వడ్డన ఒంటిగంటకు. ఆముక్త తన పులుసు తొమ్మిదిన్నరకే దించి పక్కన పెట్టింది. ఆ పని ఆమె నేర్చుకున్నదీ కిరీటి దగ్గరే. కిరీటి మాత్రం పప్పు వండాడు, తీపి చేశాడు, తర్వాత కత్తులు నూరుకుంటూ కూర్చున్నాడు. పులుసు పొయ్యి మీదికి ఎక్కించేసరికి పన్నెండు దాటింది. తన పనిలో మునిగిన ఆముక్త అటు చూడలేదు. డానియేల్ గారు గమనించారు గానీ, వాడి ధీమా అదేమోననుకుని ఊరుకున్నారు.

నలుగురూ తిన్నారు. ముగ్గురు రెండో అంకెకే మొగ్గారు. అది ఆముక్తది. మాస్టారు కూడా దానికే ఓటు వేశారు. "ఒకటో గిన్నెలో తప్పేమీ కనిపించలేదు. ఉప్పు సరిగ్గా ఉంది, పులుపు సరిగ్గా ఉంది. మామూలుగా ఉందనుకున్నాను, అంతే. ముప్పై ఏళ్ళ నాలుక నాది. ఒక మనిషి కావాలని తగ్గించి వండాడని దానికి తట్టలేదు" అని మాస్టారు ఇప్పటికీ చిన్నబుచ్చుకుంటారు.

ఫలితం చెప్పగానే వంటగదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆముక్త రెండు చేతులతో మొహం కప్పుకుని నవ్విందట. ఇక మిగిలింది డానియేల్ గారి పద్ధతి. కిరీటి ఆమె పులుసు రుచి చూసి, ఇందులో నాకు లోపం కనిపించలేదన్నాడు. ఆమె వంతు వచ్చింది. ఆమె ఇంకా నవ్వుతూనే ఒకటో గిన్నెలోంచి ముక్క తీసుకుంది. నోట్లో పెట్టుకునే ముందే ఆగింది. వాసన చూసింది. ముక్కను వేళ్ళతో విడదీసి చూసింది. పైన ఎర్రగా, లోపల తెల్లగా ఉంది. అప్పుడు తింది. చెంచా కింద పెట్టింది.

"ఇది కిరీటి వంట కాదు చెఫ్" అంది.

"మా కళ్ళముందే వండాడు కదమ్మా" అన్నారు డానియేల్ గారు.

"వండింది తనే. కానీ ఇది తన వంట కాదు. మెంతిపొడి లేదు. మూతపెట్టి ఉంచనేలేదు. పోటీ మళ్ళీ పెట్టండి."

"పోటీ అయిపోయింది ఆముక్తా, నువ్వు గెలిచావు."

"ఎవరిమీద గెలిచాను చెఫ్?" అంది ఆమె. కిరీటి తలెత్తలేదు.

కాసేపటికి మాస్టారు చేతులు కడుక్కుందామని వెనక్కి వెళితే, సరుకుల గది తలుపు అవతల ఇద్దరి మాటలూ వినిపించాయి. వినకూడదని తెలుసు, అయినా కుళాయి కట్టేసి మరీ విన్నానని మాస్టారే ఒప్పుకున్నారు.

"నీకు ఈ పదవి ఎంత కావాలో నాకు తెలుసు. నాకు అంత ఆశ లేదు. అందుకే చేశాను" అంటున్నాడు కిరీటి.

"నన్ను అడిగావా?"

"అడిగితే నువ్వు ఒప్పుకోవు."

"ఒప్పుకోనని తెలిసీ చేశావన్నమాట. నేను నీమీద గెలవలేననే కదా నీ లెక్క?"

తర్వాత వినిపించిన కిరీటి గొంతు వేరేలా ఉందట. "గెలుస్తావనే భయం. నాలుగేళ్ళుగా అందరూ కిరీటి పులుసు, కిరీటి పులుసు అంటున్నారు. నేను ప్రాణం పెట్టి వండి, అప్పుడు కూడా నీదే బాగుందంటే నేనేమైపోను? నేనే వదిలేసుకుంటే ఆ సంగతి ఎప్పటికీ తేలదు. నీకు పదవి వస్తుంది, నా పేరు నాకుంటుంది."

"అంటే నాకోసం కాదు."

"నీకోసమే. ఇదీ నిజమే, అదీ నిజమే."

ఆమె తలుపు తీసుకుని బయటికి వచ్చి, ఎదురుగా నిలబడ్డ మాస్టారిని చూసి కూడా చూడనట్టే వెళ్ళిపోయింది.

డానియేల్ గారు రెండు రోజులు తటపటాయించి చివరికి ఒప్పుకున్నారు. గురువారం మళ్ళీ పోటీ. అవే మూడు వంటలు, మళ్ళీ ఆ నలుగురే. అంకెలు మాత్రం తారుమారు చేశారు. ఈసారి రెండు దాకలూ పదింటికల్లా పొయ్యి దిగాయి. పదింటి నుంచి ఒంటిగంటదాకా ఆ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. ఒకే బల్లకు చెరో చివర నిలబడి, చేతులు కట్టుకుని, తమ తమ మూతల వంకే చూస్తూ ఉన్నారట. వాళ్ళను చూస్తుంటే నలుగురికీ ఆకలి పోయి కుతూహలం పట్టుకుందన్నారు మాస్టారు.

ఆముక్త వంట మొదటిరోజుకంటే ఏమాత్రం తగ్గలేదు. ఇంకా బాగుందేమో కూడా. కానీ రెండో గిన్నెలో ముక్క తుంచేసరికి లోపలిదాకా పులుసు పట్టి ఉంది. నలుగురిలో ముగ్గురు దానికే ఓటేశారు. మాస్టారు మళ్ళీ ఆ ముగ్గురిలో ఒకరు. పదవి కిరీటిది అయింది.

ఇక్కడికి వచ్చేసరికి సువర్చల గారు ఉండబట్టలేకపోయారు. "అదేమిటండీ! చేతికొచ్చిన దాన్ని ఆ పిల్ల తనే జారవిడుచుకుందా?"

"అవునమ్మా."

"బాధపడలేదూ?"

"ఎందుకు పడదు? అందరి ముందే ఏడ్చింది. తొమ్మిది రోజులు అతనితో మాట్లాడలేదు. పదో రోజు కూడా, ఉప్పు డబ్బా ఇటివ్వు అని మాత్రమే అందట."

ఆముక్త అతని కింద ఎనిమిది నెలలు పనిచేసింది. సులువేమీ కాలేదు. అతని వంటలో తప్పు కనిపిస్తే పదిమంది ముందూ చెప్పేది. అతనూ ఆమె వంటను అలాగే తిప్పి పంపేవాడు. ఒకసారి ఆమె చేసిన పచ్చడి అతను రెండుసార్లు వెనక్కి పంపితే, మూడోసారి రోలుతో సహా తెచ్చి అతని ముందు పెట్టిందట. ఇక వీళ్ళ పెళ్ళి జరగదని వంటగదిలో అందరూ అనుకున్నారు. ఈలోగా కొండాపూర్‌లో ఇంకో హోటల్‌వాళ్ళు వంటగదికి పెద్ద కావాలని డానియేల్ గారిని అడిగారు. ఆయన ఆముక్త పేరు రాసి, కింద ఒక్క వాక్యం జోడించారు. "ఈ అమ్మాయి తన లాభం కోసం కూడా రుచి విషయంలో అబద్ధం చెప్పదు." ఆ ఉద్యోగం ఆమెకు వచ్చింది. మరుసటి నెలలోనే రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరూ పెళ్ళి చేసుకున్నారు. సాక్షి సంతకం పెట్టిన వాళ్ళలో మాస్టారు ఒకరు.

ఆ రోజు సంతకాలయ్యాక బయట మెట్ల మీద మాస్టారు ఆముక్తను అడిగారట. "అమ్మాయీ, ఒకటి తెలుసుకోవాలని ఉంది. మొదటిరోజు ఫలితం చెప్పేశారు. చప్పట్లు కొట్టేశారు. ముక్క తిని బాగుందనేస్తే సరిపోయేది. ఆ క్షణంలో నీకేమనిపించింది?"

ఆమె కాస్త ఆలోచించింది. "ఊరుకుందామనే అనిపించింది మాస్టారూ. ఆ ముక్క నమిలినంతసేపూ అదే ఆలోచన. కానీ ఊరుకుంటే, రేపు ఇంట్లో అతను నాకు పెట్టే ప్రతి ముద్దా అనుమానంగానే నమలాలి కదా. ఇది మొత్తం పెట్టాడా, ఏమైనా దాచుకున్నాడా అని" అంది. ఇంతలో కిరీటి ఆటో మాట్లాడి పిలిచాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు.

మాస్టారు చెప్పడం ఆపి లేచారు. నాకు ఆముక్త ఓడిపోవడం ఇంకా మింగుడుపడలేదు. ప్రద్యుమ్న మాత్రం వేరే ఏదో ఆలోచిస్తున్నట్టున్నాడు. ఇంటర్వ్యూలో తడబడాలన్న ఆలోచన తనకు మొదట ఎప్పుడు వచ్చిందో గుర్తుచేసుకుంటున్నాడేమోననిపించింది. చివరికి నెమ్మదిగా అడిగాడు.

"అయితే నన్ను తగ్గొద్దంటారా మాస్టారూ?"

"నేనలా అనలేదే" అన్నారు మాస్టారు. "నువ్వు తగ్గితే ఆ పదవి ఆ అమ్మాయికి దొరుకుతుంది. నువ్వు దొరుకుతావా అన్నదే నాకు తెలియదు."