కానుగకు పోసిన నీళ్లు

సువార్తకు పొద్దున్నుంచి ముద్ద దిగలేదు. రెండేళ్ల పని తన చేతులతో తానే పాడు చేసుకుంది.

మెట్ట చేలల్లో కంది సాళ్ల మధ్య ఏ చెట్టు పెంచితే రైతుకు మేలో తేల్చే పరిశోధన ఆమెది. చేనును నాలుగు మళ్లుగా విడగొట్టి, ప్రతి మడిలోనూ అవే అయిదు రకాల చెట్లు, రకానికి తొమ్మిది మొక్కల చొప్పున నాటింది. నీళ్లు పోయకూడదు. వానే దిక్కు.

నెల రోజులుగా చినుకు లేదు. మొదటి మడిలో కానుగ మొక్కలు తలలు వాల్చేశాయి. నిన్న సాయంత్రం చూస్తూ ఉండబట్టలేక, ఆ తొమ్మిదింటికీ తలా ఒక బిందె పోసేసింది.

"అన్నీ పీకేసి మళ్లీ మొదలుపెడతాను మాస్టారూ," అంది, చేను గట్టున ఉన్న గురువు ఓబుళయ్య దగ్గరికి వచ్చి.

"నువ్వు పోస్తుంటే ఎవరైనా చూశారా?"

"లేదు."

"మరి నోరు మూసుకుంటే పోయేదిగా?"

"కానుగే గట్టిదని నేను రాస్తే, అది నమ్మి ఎవరైనా నాటుకుంటే?"

ఓబుళయ్య మాస్టారు పంచె ఎగగట్టి, గట్టు పక్కనున్న తొట్టిలో బిందె ముంచి భుజానికెత్తుకున్నారు.

కలుపు తీస్తున్న హుసేనమ్మ నవ్వింది. "ఏం మాస్టారూ, ఈ వయసులో నీళ్ల మోతా! ఏం తప్పు చేసినారు?"

"చేసింది ఈమె. మోసేది నేను. చూడు నా రాత!"

ఆయన మొదటి మడిలోకే వెళ్లి, కానుగ పక్కనున్న వేప మొక్కకు బిందె వంచారు. తర్వాత దాని పక్కదానికి.

సువార్త ఆయన వెనకే మడిలోకి వచ్చింది. "మాస్టారూ! ఈ మొక్కల్ని నేను పోల్చి చూసేది ఇదే మడిలో ఉన్నవాటితోనే కదా?"

"ఊఁ. ఇంకో బిందె తెచ్చుకో."

ఇద్దరూ కలిసి మిగిలిన ముప్పై ఆరు మొక్కలకూ తలా ఒక బిందె పోశారు. చివరిదాని దగ్గర సువార్త మళ్లీ ఆగింది.

"మిగతా మూడు మళ్లు?"

"వాటిలో దేనికైనా పోశావా?"

"లేదు."

"మరింకేం? అక్కడ అన్నిటికీ ఒకటే ఎండ, ఒకటే కరువు."

ఆమె గట్టు మీద కూలబడింది. నవ్వో ఏడుపో తెలియకుండా కళ్లు తుడుచుకుని, నోటుపుస్తకం తీసి రెండు తేదీలూ, నలభై అయిదు బిందెలూ ఉన్నదున్నట్టు రాసింది.

"ఇంకెప్పుడూ జాలి పడను మాస్టారూ."

"పడొద్దని ఎవరన్నారు?" అన్నారాయన, పంచె పిండుకుంటూ. "పడితే మడి మొత్తం మీద పడు."