ఎటూకాని నూకాలు

ఒకప్పుడు పీతలు కూడా మనలాగే ముక్కుసూటిగా నడిచేవి. పీతకి ముక్కెక్కడుందని అడగకండి, నాకూ తెలీదు.

ఆ రోజుల్లో సముద్రానికీ నేలకీ తగువొచ్చింది. తడి ఇసుక మీద సరిహద్దు గీసుకున్నాయి. దాటాలంటే చీటీ ఉండాలి. సముద్రంవాళ్లకి పొలుసు చీటీ, నేలవాళ్లకి ఆకు చీటీ. నీళ్లవైపు రొయ్యయ్య, గట్టువైపు తొండయ్య కాపలా. ఎవరి ముఖం ఎటుంటే వాళ్లు అటు వెళ్తున్నట్టు లెక్క. అటువైపు కాపలావాడే చీటీ అడగాలి.

నూకాలు అనే ఎర్రపీత ఇసుక బొరియలో ఉండేది. గుడ్లు మాత్రం సముద్రంలోనే వదలాలి. వాళ్లమ్మా అంతే, అమ్మమ్మా అంతే. ఓ పొద్దున కడుపుకింద గుడ్లు పొదువుకుని బయల్దేరింది.

"చీటీ ఏదీ?" అన్నాడు రొయ్యయ్య మీసం దువ్వుతూ.

"చీటీ ఏటి బాబూ? గుడ్లు ఎండిపోతన్నాయి, దారియ్యి!"

"కాపురం ఇసుకలో కదా? నువ్వు నేలదానివి. ఆకు తెచ్చుకో."

నూకాలు వెనక్కి తిరిగి తొండయ్యని ఆకు అడిగింది.

"పుట్టింది నీళ్లలో కదా? నువ్వు సముద్రందానివి. ఆకు ఇవ్వను, గట్టూ ఎక్కనివ్వను," అన్నాడు తొండయ్య తలూపుతూ.

"తలూపుతన్నావు కదా, సరేనన్నట్టే కదా?"

"అది నా అలవాటులే."

"మరి నానెవుల్దాన్ని?"

ఇద్దరూ ఆలోచించి ఒక్కసారే అన్నారు: "ఎటూకానిదానివి!"

లోకంలో ఆ మాట పుట్టింది అక్కడే. ఎన్నడూ కలవనివాళ్లు ఆ మాట దగ్గర మాత్రం భలే కలిశారు.

ఎండ ముదురుతోంది. నూకాలుకి ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఒళ్లు మండింది. "రొయ్యకి లేదా మూరెడు మీసం!" అని గొణుక్కుని, సముద్రానికీ నేలకీ కాకుండా ఒడ్డు పొడవునా ముఖం పెట్టి నిలబడింది.

"ఎటు వెళ్తున్నావ్?" అన్నాడు రొయ్యయ్య.

"ఎటూకానిదాన్ని కదా బాబూ, ఎటెల్తాను? ఆ ఒడ్డు సివర సరుగుడు తోట సూత్తన్నాను."

చూపు తోట మీదే ఉంది. కాళ్లు మాత్రం పక్కకి, పక్కకి, నీళ్లవైపు జరుగుతున్నాయి.

"ముఖం ఇటు లేదే! చీటీ ఎలా అడగను?" అని రొయ్యయ్య మీసాలు పీక్కున్నాడు.

"ఇటూ లేదు," అని తొండయ్య తలూపాడు.

ఈలోగా అల వచ్చింది. నూకాలు ఒళ్లు దులిపి గుడ్లన్నీ నీళ్లలో వదిలేసింది. పిల్లలు చిటపటా బయటపడి, ఎవరినీ అడక్కుండా ఈదుకుంటూ పోయాయి. వాటిని చూసి నూకాలు కడుపు నిండిపోయింది. మళ్లీ తోటనే చూస్తూ, పక్కపక్కగా ఇంటికొచ్చేసింది.

అప్పటినుంచే పీతలు అడ్డంగా నడుస్తున్నాయి. మీరెప్పుడైనా ఒడ్డున కనిపించి "ఎక్కడికే?" అంటే, కళ్లు నిక్కించి మిమ్మల్నే చూస్తూ పక్కకి జారుకుంటాయి. మీరూ చీటీ అడుగుతారేమోనని వాటి భయం.