కలవని మెలిక

భ్రమరాంబగారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకి లేదు. "ముందు ముగ్గు కానీయ్, తర్వాత చూద్దాం" అంటారు. తెనాలిలో ఆవిడ ఇంటి వాకిట్లో మెలిక ముగ్గులు నేర్చుకోవడానికి ఆదివారం పొద్దున్నే ఆడపిల్లలు వస్తుంటారు. చుక్కలన్నిటినీ చుట్టుకుంటూ ఒకే గీత ఎక్కడెక్కడో తిరిగి, బయలుదేరిన చోటికే వచ్చి కలవాలి. అదీ మెలిక ముగ్గంటే.

ఆ ఆదివారం హిమజ ఒక్కతే వచ్చింది. డిగ్రీ ఆఖరి ఏడు చదువుతున్న పిల్ల. వస్తూనే అడిగింది.

"మామ్మగారూ, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు చేస్తే తప్పాండీ?"

సంగతేమిటంటే, కాలేజీ గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్నవాళ్ళ దగ్గర హిమజ ఒక క్రెడిట్ కార్డు తీసుకుంది. దాంతో కొత్త ఫోను కొంది, స్నేహితులకి విందులిచ్చింది. బిల్లు వస్తే, కనీసం ఇంత కట్టమన్న చిన్న మొత్తం మాత్రం కడుతూ వచ్చింది. కొన్నాళ్ళకి అదీ కట్టలేకపోయింది. వడ్డీ మీద వడ్డీ పడింది. బ్యాంకువాళ్ళు ఫోన్లు మొదలుపెట్టారు. ఇంకో కార్డు తీసుకుని ఇది కట్టెయ్యమని స్నేహితురాలి సలహా. దరఖాస్తు ఫోన్లో సిద్ధంగా ఉంది, ఇక నొక్కడమే తరువాయి. బట్టలు కుట్టి చదివిస్తున్న తండ్రికి ఇవేవీ తెలియవు.

భ్రమరాంబగారు బుగ్గన చెయ్యి పెట్టుకుని విన్నారు.

"లేని డబ్బు కూడా ఖర్చయిపోతుందా ఆ అట్టముక్కతో! ఎంత విచిత్రమే! ఇంతకీ ఆ బ్యాంకువాళ్ళు ఏమంటారు?"

"తెలీదండీ. ఫోను ఎప్పుడూ ఎత్తలేదు."

"అయితే ముందు ముగ్గు కానీయ్" అని పిండి గిన్నె అందించి ఆవిడ గడప మీద కూర్చున్నారు.

హిమజ చుక్కలు పెట్టి గీత మొదలుపెట్టింది. ఫోను మోగింది. ఎత్తలేదు గానీ చెయ్యి తడబడి ఒక చుక్కని చుట్టకుండా దాటేసింది. అది తనకి తెలుసు. మామ్మగారి వైపు ఓరగా చూసి, పక్కన ఇంకో వరస చుక్కలు పెట్టి గీతని అటు తిప్పింది. అక్కడా కలవలేదు. మరో వరస పెట్టింది. ముగ్గు వాకిలి దాటింది. తులసి కుండీని చుట్టింది. గేటు దాకా పాకింది.

"పిండి అయిపోయిందండీ."

"పక్కింట్లో అడిగి తెచ్చుకో."

తెచ్చుకుంది. ముగ్గు రోడ్డెక్కింది. స్కూటరు మీద వెళ్ళే ఆయన ఆగి, "ఏమ్మా, మా ఇంటి దాకా వేసేస్తావా ఏంటి?" అని నవ్వి, పక్కనుంచి తప్పుకుపోయాడు.

భ్రమరాంబగారు లేచి వచ్చి, చిన్నపిల్లలా వంగి ఆ గీత వెంబడే నడిచారు.

"ఎక్కడ తప్పిందో తెలుసా?"

"మొదట్లోనే. ఆ కుండీకి అవతల, గడప వైపు."

"తెలిసి ఇంత దూరం వచ్చావా?"

"చెరిపితే మీరు చూస్తారని..." హిమజ పిండి గిన్నె కింద పెట్టేసింది.

"చూస్తే ఏమవుతుందో చూద్దాం, పద."

రోడ్డు మీదా, వాకిట్లోనూ అదనంగా పెరిగిన ముగ్గంతా ఇద్దరూ కలిసి ఊడ్చేశారు. తర్వాత హిమజ తడిగుడ్డ తెచ్చి తప్పిన చోట తుడిచింది. తీరా చూస్తే తుడవాల్సింది అరచేతంత చోటే. వదిలేసిన చుక్కని చుట్టి గీతని లాగితే, అది బుద్ధిగా వెళ్ళి మొదటి కొసని కలుసుకుంది.

హిమజ చేతుల పిండి దులుపుకుంది. ఫోన్లోని దరఖాస్తు తీసేసింది. మళ్ళీ మోగితే ఎత్తింది. అవతల బ్యాంకు నుంచి ఎవరో అమ్మాయి. కార్డు ఆపేస్తామంది, బాకీ ఎంతో చెప్పింది, నెలనెలా వాయిదాల్లో కట్టే వీలుందంది. మొదటి వాయిదా మాత్రం వెంటనే కట్టాలంది.

అంటే నాన్నకి చెప్పాలి. హిమజ తండ్రి నంబరు తీసింది, నొక్కలేకపోయింది. ఊరికే ముగ్గు వైపు చూస్తూ, "చెరిపిన చోట మరక కనిపిస్తూనే ఉందండీ" అంది.

భ్రమరాంబగారు వంగి, మరకని ఆసక్తిగా చూశారు.

"కనిపిస్తుంది మరి. గీత దారిలో పడింది కూడా అక్కణ్ణుంచేగా."