మోరిస్ కారులో నల్ల పెట్టె

కాకినాడ జగన్నాథపురంలో ఇమ్మానుయేలు మేస్త్రి షెడ్డుకి ఒక ఆనవాయితీ ఉంది. అక్కడ బాగుపడ్డ పాత కారుకి బ్యాటరీ తగిలించేది దాన్ని బాగుచేసినవాడు కాదు, ఇకమీదట దాన్ని నడపబోయేవాడు. నెలల తరబడి ఒళ్లంతా మసి చేసుకున్న పనివాళ్లు ఆ పూట చేతులు కడుక్కుని పక్కన నిలబడాలి. ఎందుకిలా అని అడిగినవాళ్లకి మేస్త్రి ఏనాడూ జవాబు చెప్పలేదు. అసలు జవాబులు చెప్పడమే ఆయనకు అంతగా అలవాటు లేదు. ఏదైనా అడిగితే కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఆలోచిస్తున్నట్టు కనిపిస్తారు. అడిగినవాడు ఆశగా చూస్తూ ఉంటాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేరే పనిలో పడిపోతారు.

ఆయన శిష్యుడు లోవరాజుకి ఈ పద్ధతి ఎన్నేళ్లయినా ఒంటబట్టలేదు. లోవరాజు చేతిలో పనితనం ఉంది గాని మనసుకి నిలకడ లేదు. బిగించిన బోల్టునే మళ్లీ బిగించి చూసుకునే రకం. అలాంటివాడికి మేస్త్రి మొట్టమొదటిసారి ఒక బండిని పూర్తిగా వదిలేశారు. రైసు మిల్లు రాజు గారి మోరిస్ కారు అది. "ఇది నీదిరా, నేను వేలు పెట్టను" అన్నారు. విశాఖపట్నంలో పాత కార్ల ప్రదర్శన దగ్గరపడుతోంది. అక్కడ దానికి షీల్డు వస్తే రాజు గారి గోదాములో దుమ్ము కొట్టుకుపోతున్న మిగతా కార్లు కూడా లోవరాజు చేతికే వస్తాయి. రాకపోతే అవి లారీ ఎక్కి చెన్నై పోతాయి. రాజు గారు ఆ మాట నవ్వుతూనే చెప్పారు గాని, లోవరాజుకి ఆనాటి నుంచి అన్నం సయించడం లేదు.

చిక్కంతా ఒక నల్ల పెట్టె దగ్గర వచ్చింది. డైనమో నుంచి వచ్చే కరెంటుని అదుపులో పెట్టి బ్యాటరీకి పంపే పెట్టె అది. మెకానిక్కులు కటౌట్ అంటారు. కారుతో పాటు వచ్చిన కటౌట్ సముద్రపు గాలికి లోపలంతా చిలుము పట్టి, మూత తీయగానే పొడిగా రాలిపోయింది. దాని బదులు పెట్టడానికి కొత్తగా తయారు చేసిన నకళ్లు రెండు రకాలు దొరికాయి. మొదటిది చూడటానికి అచ్చం పాతదే. అదే నలుపు, అవే మరలు, మూత మీద అవే అక్షరాలు. లోపల మాత్రం ఈ కాలపు ఎలక్ట్రానిక్ సరుకు. రెండోది లోపల పాత పద్ధతిలోనే పనిచేస్తుంది, కాని పైన వేసిన ప్లాస్టిక్ మూత చూస్తే ఎవరి బండి నుంచో ఊడదీసి తెచ్చి తగిలించినట్టు ఉంటుంది. ప్రదర్శనలో బానెట్ ఎత్తి చూసే పెద్దమనుషులు దాన్ని చూడగానే మార్కులు కోసేస్తారు.

లోవరాజు మొదటిదే బిగించాడు. దానితో ఒక్కటే తేడా. ఆ కాలపు మోరిస్‌లో బ్యాటరీ ప్లస్‌ని బాడీకి కలుపుతారు. ఈ పెట్టెకి అది పడదు, మైనస్‌నే బాడీకి కలపాలి. మరిచిపోయి ప్లస్ కలిపారా, పెట్టె మాడిపోతుంది, దాని వెంట వైరింగు కూడా అంటుకోవచ్చు. అందుకని 'బాడీకి మైనస్' అని చిన్న చీటీ రాసి బ్యాటరీ పక్కన అంటించాడు. అంటించాక, ఆ పెద్దమనుషులు చూస్తే ఇంకేమైనా ఉందా అనిపించి పీకేశాడు. కాసేపాగి మళ్లీ అంటించాడు, మళ్లీ పీకేశాడు. డ్రైవరుకి నోటితో చెబితే సరిపోతుందిలే అని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. 

చివరికి ఉండబట్టలేక మేస్త్రి దగ్గరికి వెళ్లాడు.

"గురువుగారూ, ఒకటేమో పైకి అచ్చం పాతది, లోపల వేరు. ఇంకోటి లోపల పాతది, పైకి వేరు. రెండూ నకళ్లే కదా. ఏది నిజానికి దగ్గరంటారు?"

మేస్త్రి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లోవరాజు ఎదురుచూశాడు. మేస్త్రి కళ్లజోడు పెట్టుకుని, లేచి వెళ్లి మోరిస్ బానెట్ ఎత్తి చాలాసేపు లోపలికి వంగి ఏదో చూశారు. బానెట్ దించుతూ, "అబ్బులుకి కబురు పెట్టు. పొద్దున్నే వచ్చి బ్యాటరీ పెట్టమను" అన్నారు. అడిగిందేమిటి, ఈయన చెప్పిందేమిటి అని లోవరాజుకి ఒళ్లు మండిపోయింది.

అబ్బులు రాజు గారి డ్రైవరు. మీసం మొలిచినప్పటి నుంచీ ఆ మోరిస్‌నే నడిపాడు. అది మూలపడ్డాక మిల్లులో కొత్త కార్లు నడిపాడు గాని, వాటి గురించి ఎవరైనా అడిగితే "ఆఁ, వెళ్తాయి" అనేవాడు, అంతే. మర్నాడు తెల్లచొక్కా వేసుకుని, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు సంచిలో వేసుకుని వచ్చాడు. బండి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. బానెట్ ఎత్తి లోపలికి చూసి అలాగే ఉండిపోయాడు.

"మేస్త్రి గారూ, ఈ కటౌట్ ఇంక పనికిరాదన్నారే. దీన్ని కూడా బతికించారా?" అంటూ నల్ల పెట్టె మీద చెయ్యి వేశాడు.

మేస్త్రి కళ్లజోడు తీశారు. లోవరాజు ఛాతీ పొంగింది. జీవితమంతా ఆ బానెట్ కింద తల పెట్టినవాడే పోల్చుకోలేకపోతే, ప్రదర్శనకొచ్చే పెద్దమనుషులు ఏం పోల్చుకుంటారు? చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ ముసలాయన మొహంలో వెలుగు చూశాక నోరు రాలేదు. సరిగ్గా కలపబోయే ముందు చెబుదాంలే అనుకున్నాడు.

అబ్బులు చేతులు మాత్రం అతని నాలుక కోసం ఆగేవి కావు. స్టూలు మీదున్న బ్యాటరీని ఎత్తి, చూడకుండానే అలవాటైన వైపుకి తిప్పి దాని చోట్లో కూర్చోబెట్టాడు. బాడీ నుంచి వచ్చే పట్టీని ప్లస్ మీదికి తెచ్చాడు. బ్యాటరీకి ప్లస్ కొమ్ము మైనస్ కంటే కాస్త లావు. పట్టీ చివర ఉన్నది మైనస్ కొలతకి తెచ్చిన క్లాంపు, ప్లస్ మీదికి దిగలేదు. ఆ కాస్త మొరాయింపైనా అబ్బులుకి చెబుతుందేమోనని లోవరాజు ఆశపడ్డాడు.

"కొత్త క్లాంపు కదా, బిగుతుగా ఉంది" అంటూ అబ్బులు స్క్రూడ్రైవరు దూర్చి దాన్ని వెడల్పు చేసి, ప్లస్ మీద కూర్చోబెట్టి బిగించేశాడు. రెండో వైరు అందుకున్నాడు.

లోవరాజు మేస్త్రి వైపు చూశాడు. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు. ఈయన చెప్పరు, చచ్చినా చెప్పరు.

"బాబాయ్, ఆగు" అంటూ దూకి అబ్బులు మణికట్టు పట్టుకున్నాడు. "ఇప్పుడు బాడీకి మైనస్. ప్లస్ కాదు."

అబ్బులు అర్థం కానట్టు చూశాడు. "మోరిస్‌కి మైనస్ ఏంట్రా అబ్బాయ్? ఎప్పటి నుంచి?"

"అది పాత కటౌట్ కాదు బాబాయ్. లోపలిదంతా వేరు."

అబ్బులు చేతిలోని వైరు నెమ్మదిగా కింద పెట్టాడు. నల్ల పెట్టె వైపు మళ్లీ చూశాడు. ఈసారి దాన్ని ముట్టుకోలేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు గాని వాటికి మసి ఏమీ అంటలేదు.

"నువ్వు లేకుండా తుని దాటాక ఎక్కడో బ్యాటరీ ఊడదీయాల్సి వచ్చిందనుకో. ఇలాగే పెడతాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. "బండి తగలబడితే రాజు గారు ఏమంటారు? అబ్బులుకి మతి పోయింది, కళ్లు పోయాయి అంటారు. నేనూ అదే అనుకుంటాను. నీ పెట్టె సంగతి నాకెలా తెలుస్తుంది?"

అబ్బులు రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏది ఎటు పెట్టాలో నువ్వే పెట్టు. నాకు తెలిసిన బండి అనుకుని వచ్చాను."

ఆ షెడ్డులో అంతవరకూ ఏ బండి మనిషీ తన బండికి దూరంగా అలా నిలబడలేదు. లోవరాజుకి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పట్టీ ఊడదీసి పక్కన పెట్టి, స్క్రూడ్రైవరు తీసుకుని నల్ల పెట్టె మరలు విప్పబోయాడు. అప్పుడు కనిపించింది. బ్యాటరీ నుంచి పెట్టెలోకి వెళ్లే లావు వైరు ముందే ఊడదీసి ఉంది. దాని కొసకి శుభ్రంగా గుడ్డ చుట్టి ఉంది. నిన్న మేస్త్రి బానెట్ ఎత్తి అంతసేపు ఏం చూశారో అతనికి అప్పుడు బోధపడింది. అబ్బులు రెండో వైరు కూడా కలిపేసినా ఏమీ మాడేది కాదు. మేస్త్రి అబ్బులు చేతుల్ని చివరిదాకా పోనిచ్చేవారు.

మరలన్నీ విప్పి పెట్టెని చేతిలోకి తీసుకున్నాక లోవరాజుకి దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు. అటూ ఇటూ తిప్పి చూశాడు. అదే నలుపు, అవే అక్షరాలు.

"అయితే గురువుగారూ, ఇది నకిలీదంటారా?"

మేస్త్రి కళ్లజోడు పెట్టుకున్నారు. ఈసారి వేరే పనిలో పడలేదు.

"నకిలీదని ఎవరన్నారు? అచ్చంగానే ఉంది" అన్నారు. "అందుకే అబ్బులు చెయ్యి ఆగలేదు."