ముగ్గురు సింగన్నలు

ఒకానొక రాజ్యంలో, అంటే మరీ పెద్ద రాజ్యమేం కాదు, కోటలో కోడి కూస్తే సరిహద్దులో వాళ్లు లేచి కూర్చునేంత రాజ్యంలో, వీరగజభూపతి అనే రాజుండేవాడు. రాజ్యం చిన్నదైనా ఆయన మీసం పెద్దది. మీసం కంటే పెద్దది ఆయన గొప్ప.

ఆ గొప్పకి తగ్గట్టు ప్రతి పౌర్ణమికీ ప్రశ్నల కొలువు పెట్టేవాడు. ఎవరైనా రావచ్చు, మంత్రుల్ని ఏమైనా అడగొచ్చు. "నా మంత్రులు జవాబు చెప్పలేని ప్రశ్న ఈ భూమ్మీద పుట్టలేదు!" అని మీసం దువ్వేవాడు.

చిక్కల్లా ఒక్కటే. ఏ మంత్రిని అడిగితే ప్రశ్న ఆ మంత్రి శాఖలోదే అయ్యుండాలి. శాఖ తప్పిందా, అడిగినవాడు ఏడాదిపాటు కొలువు గడప తొక్కకూడదు. అందుకని మంత్రులు ముగ్గురూ జవాబులు నేర్చుకోవడం ఎప్పుడో మానేసి, "అది నా శాఖ కాదు" అన్న ముక్కని మాత్రం చక్కగా సాధన చేశారు.

సింహాసనం వెనక తిప్పమ్మ నిలబడేది. రాజుగారికి ఆకూ వక్కా సున్నం కలిపి చిలక చుట్టి అందించే అడపకత్తె ఆమె. చేతులు ఆకుల మీద, చెవులు కొలువు మీద.

ఒక పౌర్ణమికి ఆమె తండ్రి బోడెయ్య తమ ఊరు రెల్లగడ్డ నుంచి వచ్చాడు. కూతురు అక్కడుందని కూడా చూడకుండా నేరుగా సేద్యం మంత్రి గుండయ్య ముందు చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, వాన పడింది. నేల పదునుమీదుంది. నా కొడుకు సింగన్నని నిల్వసేనలో వేశారు. నాకా నడుం లేవదు. పొలం ఎవరు దున్నాలి?"

నిల్వసేన అంటే, ఎప్పుడైనా యుద్ధమొస్తే అక్కరకొస్తారని పల్లెల్లో కుర్రాళ్లందర్నీ తెచ్చి కోటలో కూర్చోబెట్టిన దండు. యుద్ధం రాలేదు. కుర్రాళ్లు మాత్రం అలా ఊరుతూనే ఉన్నారు. జనం దాన్ని ఊరగాయ పటాలం అనేవాళ్లు, రాజుగారి చెవిన పడకుండా.

"సైనికుల సంగతి నా శాఖ కాదు," అన్నాడు గుండయ్య.

బోడెయ్య దండు మంత్రి రుద్రప్ప వైపు తిరిగాడు.

"దుక్కి సంగతి నా శాఖ కాదు," అన్నాడు రుద్రప్ప.

పురం మంత్రి చెన్నరసు అడక్కముందే చెయ్యెత్తాడు. "అసలు రెల్లగడ్డలో పొలాలెక్కడివయ్యా? అక్కడ కొత్త పట్నానికి ముగ్గు పోయించాను."

"ఆ ముగ్గు వానకి పోయిందయ్యా. మిగిలింది పొలమే."

"వాన నా శాఖ కాదు."

భటులు బోడెయ్య రెక్క పట్టుకున్నారు. గడప దగ్గర ముసలాయన ఒక్కసారి వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. "అమ్మీ, ఆరుద్ర కార్తె దాటితే ఇంక విత్తనం వెయ్యలేం," అన్నాడు. అంతే.

తిప్పమ్మ చేతిలో ఆకు చిరిగింది. తండ్రిలా అడిగితే తండ్రికి జరిగిందే తనకీ జరుగుతుంది. అడపం పని ఊడుతుంది, తమ్ముడు రాడు. మళ్లీ పౌర్ణమి దాకా ఆగుదామంటే ఆరుద్ర ఆగదు. ఇంకో ఆకు తీసి సున్నం రాస్తుంటే ఒకటి తట్టింది. బాధ చెప్పుకుంటే ముగ్గురూ నాది కాదన్నారు. అదే గొప్ప చెబితేనో?

రాజుగారికి చిలక అందిస్తూ మెల్లగా అంది. "ప్రభూ, నేనూ ఒక ప్రశ్న అడగొచ్చా?"

"నువ్వా!" అన్నాడు రాజు. "శాఖ తప్పితే అడపం పోతుంది సుమా."

"చిత్తం. రెల్లగడ్డ సింగన్న అని ఒక మొనగాడున్నాడు ప్రభూ. అలాంటివాణ్ణి తయారుచేసిన ఘనత ఈ ముగ్గురు మంత్రుల్లో ఎవరిది?"

రాజు మొహం వెలిగింది. ఇన్నాళ్లకి ఏడుపు లేని ప్రశ్న! చేతి కంకణం తీసి పైకెత్తాడు. "ఘనత ఎవరిదో ఈ కంకణం వారిది!"

సింగన్న పేరు మంత్రులు ఇందాక విన్నదే. కానీ మొరలో విన్న పేరు ఎవరికి గుర్తుంటుంది?

"వాడు నావాడు ప్రభూ!" అని రుద్రప్ప ముందుకి దూకాడు. "నిల్వసేనలో మొదటి వరస. పగలూ రాత్రీ కోట దాటడు."

"పచ్చి అబద్ధం!" అన్నాడు గుండయ్య. "వాడు నా శాఖకే తలమానికమైన రైతు. ఈ క్షణాన రెల్లగడ్డలో జానెడు లోతు దున్నుతుంటాడు."

"దున్నడమేమిటి నీ మొహం!" అన్నాడు చెన్నరసు. "నా కొత్త పట్నంలో మొదటి గృహస్థు వాడే. రాజవీధిలో మేడ కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు."

"నా శాఖ!"

"కాదు, నా శాఖ!"

"ఒట్టేస్తారా?" అని గద్దించాడు రాజు. ముగ్గురూ ఆయన పాదాల మీద ఒట్టేశారు.

రాజు బుర్ర గోక్కున్నాడు. "తిప్పమ్మా, వీళ్లలో నిజం ఎవరిదే?"

"మంత్రులు కొలువులో అబద్ధమాడతారా ప్రభూ? ముగ్గురిదీ నిజమే. మా అమ్మ సింగన్నని ఒక్కణ్ణే కంది. తమరి ఏలుబడిలో వాడు ముగ్గురయ్యాడు. కోటలోవాణ్ణి సేనకే ఉంచుకోండి. మేడలోవాణ్ణి పట్నానికే ఉంచుకోండి. ఆ పొలం దున్నుతున్నవాణ్ణి మాత్రం మా నాన్నకి ఇప్పించండి, చాలు."

రాజుగారి నోట్లో తాంబూలం ఉంది. నవ్వు ఆపుకుందామని చూశాడు, ఆగలేదు. రుద్రప్ప తెల్ల శాలువా ఎర్రనైంది.

"భేష్!" అన్నాడు రాజు, కళ్లు తుడుచుకుంటూ. "ఒక్క సింగన్నేం ఖర్మ, నిల్వసేనలో దున్నేవాళ్లంతా ఇవాళే ఇళ్లకి పోవాలి."

"మరి కోటకి కాపలా ప్రభూ?" అన్నాడు రుద్రప్ప.

"కోటలో సింగన్నలు నీకు మిగులుతారుగా! సరే, ఈ ఉత్తరువు ఇప్పుడు ఎవరి శాఖ?"

అలవాటు చెడ్డది. ముగ్గురూ ఒక్క గొంతుతో, "నా శాఖ కాదు ప్రభూ!" అన్నారు.

"అయితే నాదే," అన్నాడు రాజు, మళ్లీ నవ్వి. తనే ఉత్తరువిచ్చి, కంకణం తిప్పమ్మ చేతిలో పెట్టాడు.

ఆరుద్ర వెళ్లకముందే రెల్లగడ్డలో నాగలి కదిలింది. సింగన్న దున్నుతుంటే వెనక చాలులో తిప్పమ్మ విత్తనం వేస్తోంది. రాజుగారి కంకణం వదులై జారిపోతుంటే మోచేతి మీదికి ఎగదోసుకుంది.

సగం పొలం అయ్యేసరికి సింగన్న నాగలి ఆపి నడుం పట్టుకున్నాడు. "అక్కా, కొలువులో నన్ను ముగ్గుర్ని చేశారటగా. ఆ మిగతా ఇద్దర్నీ ఒక్క పూట పంపించవే, చచ్చిపోతున్నాను."

తిప్పమ్మ ఒడిలోంచి ఇంకో గుప్పెడు గింజలు తీసింది.

"అది నా శాఖ కాదురా," అంది.