వాగు కింది కాలువ

సువర్చలకు తన పని మీద మనసు విరిగింది. ఇంజనీరుగా ఆమె చేతికి వచ్చిన మొదటి కట్టడం ఒక సైఫన్. వాగు అడుగున గొట్టాలు వేసి కాలువను అవతలికి దాటించాలి. పూర్తయితే దాని మీద మట్టి కప్పేస్తారు. ఆ పైన వాగు పారుతుంది. అక్కడ ఒక కట్టడం ఉందనే ఎవరికీ తెలియదు.

అప్పుడే గోదావరి మీద కొత్త వంతెన పనికి ఇంజనీర్లను తీసుకుంటున్నారు. ఆ పని చూస్తున్న పెద్దాయన ఒకప్పుడు ఆమె గురువు పరాంకుశం గారి దగ్గర పని నేర్చుకున్నవాడే. గురువుగారు ఒక్క మాట చెబితే చాలు.

అది అడగడానికే ఆమె ఆయన ఇంటికి వెళ్లింది. వరండాలో ఆయనతో పాటు ఇద్దరు పాత ఇంజనీర్లు కూర్చుని, చేసిన వాటిలో ఏ పని ఇష్టమో చెప్పుకుంటున్నారు.

"మొదటిసారి గేట్లు ఎత్తినప్పుడు నా కాళ్ల కింద డ్యాము వణికింది. నేనూ వణికాననుకోండి," అన్నారు బషీర్ గారు.

ఏసుదాసు గారిది సొరంగం. రెండు వైపుల నుంచీ కొండను తొలుచుకుంటూ వచ్చి, చివరి రాయి పడగానే అవతలి నుంచి ఒక చెయ్యి ఇటు వచ్చిందట. "ఎవరిదో చూడకుండానే పట్టేసుకున్నాను," అన్నారు.

"మరి మీది, సార్?" అంది సువర్చల.

"ఆయన్ని అడుగుతావేంటమ్మా!" బషీర్ గారు నవ్వారు. "ఆయన పనులు చూడాలంటే గడ్డపార తీసుకుని బయల్దేరాలి."

పరాంకుశం గారూ నవ్వారు. ఆమె పక్కకు పిలిచి తన కోరిక చెబితే విని, "అలాగే, ఫోన్ చేస్తాను. ముందు నాతో రా," అని చెప్పులు వేసుకున్నారు.

ఊరి బయట వాగు పొంగి ఉంది. ఎర్రటి నీళ్లు కొమ్మల్నీ రెమ్మల్నీ ఈడ్చుకుపోతున్నాయి. గట్టు దాకా తేటగా వచ్చిన కాలువ, అక్కడ నేలలోకి దిగి కనబడకుండా పోయింది.

ఆయన గుప్పెడు తంగేడు పూలు దూసి కాలువలో చల్లారు. నీళ్లు దిగే చోట అడ్డుగా ఉన్న ఇనుప చువ్వల మధ్య నుంచి అవి మునిగిపోయాయి.

ఇద్దరూ కాలిబాట వంతెన ఎక్కారు. వాగు హోరులో మాట వినబడడం లేదు. నడి మధ్యన సువర్చల ఆగిపోయింది. ఈ ఎరుపుకు అడుగున, ఈ హోరుకు అడ్డంగా, ఆ తేట నీళ్లు ఇప్పుడే నడుస్తున్నాయి.

అవతలి గట్టున కాలువ నేలలోంచి పైకి లేస్తోంది. నాట్లకు పొరుగూరి నుంచి వచ్చిన ఒక కూలి మనిషి అక్కడ బిందె ముంచుకుంటోంది.

"ఏం జూస్తున్నవమ్మా? ఊట గది. భూమిలకెల్లి పుడుతది. వాగు ఎంత ఎర్రగొచ్చినా దీనికి గింత మురికంటదు," అంది.

"ఊట కాదమ్మా, ఈ సారే..." అనబోయింది సువర్చల. పరాంకుశం గారు వద్దన్నట్టు తల ఊపారు.

ఇంతలో నీళ్ల మీదికి పసుపు తేలింది. ఒకటి, ఆ వెనక మరొకటి, తర్వాత గుంపుగా.

"అగో! పూలు గూడ పుడుతున్నయి!" కూలి మనిషి బిందె దించి రెండు చేతులూ జోడించింది.

పరాంకుశం గారు జేబులోంచి ఫోన్ తీశారు. "వంతెన మనిషికి చెప్పనా?"

సువర్చల పూల మీది నుంచి చూపు తిప్పలేదు. మెల్లగా అడిగింది. "వానలకు ఆగిన మా సైఫన్ పని దసరా వెళ్లాక మళ్లీ మొదలవుతుంది, సార్. చూడడానికి వస్తారా?"

"అప్పుడొద్దు," అన్నారాయన. "పైన వాగు పొంగినప్పుడు పిలువు."